మంత్రం అంటని యోధుడు

దీపావళి సెలవులలో సూరత్ నగరపు గోడాదరాకు వెళ్ళినవారికి మొట్టమొదట తెలిసివచ్చేది నిశ్శబ్దము. మరమగ్గాలను అక్కడి మనవారు సాంచాలంటారు. ఏడాది పొడవునా రేయింబవళ్ళు మోగే ఆ సాంచాలు పండుగకు కొద్దిదినాలు ఆగుతాయి. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి నేతపనికై తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు గోడాదరాలోనూ, లింబాయత్‌లోనూ చాలాకాలంగా కాపురముంటున్నాయి. పండుగకు అక్కగారి యింటికి వెళ్ళిన మేము, భోజనానంతరం నడుము వాల్చబోతూ, మేడమీది గదిలో పాచికలు దొర్లుతున్న చప్పుడు విన్నాము. జూదమేమోనని కంగారుపడి పైకెక్కాము.

జూదం కాదు. మేనల్లుడూ, అతని సహాధ్యాయులు ముగ్గురూ చాపమీద కూర్చుని ఉన్నారు. వారిలో ఒకడు గుజరాతీ, ఒకడు మరాఠీ, మూడవవాడు ఒడిశాలోని గంజాం నుండి వచ్చిన నేతకార్మికుని కుమారుడు. నాలుగిళ్ళ భాషలూ కలిపి మాట్లాడుకుంటున్నారు. నడుమ వైకుంఠపాళి పటమైనా లేదు. కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. గోడకు ఆనుకుని మా బావగారు మంచంమీద కూర్చుని, అర్థమైనా కాకున్నా వింటున్నారు.

ఈ ఆట మన పాఠకులలో పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియకపోవచ్చు. ఒకడు సూత్రధారుడై కథ నడుపుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, తానైతే ఏమి చేస్తాడో నోటితో చెబుతారు. చెప్పినది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వీధినాటకానికి పాచికలు తగిలించినట్లుంటుంది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు 1974లో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటలలో అచ్చయి అమ్మకానికి వచ్చిన మొదటిది.

మేనల్లుని పాత్ర ఒక సాధుయోధుడు. ఆయుధం లేదు, కవచం లేదు, సాధనయే బలం. “మామా, వీనికి మంత్రం అంటదు” అన్నాడు గర్వంగా. వారు ఆడుతున్నది 2003 నాటి సవరణ నిబంధనల ప్రకారం. అందులో సాధుయోధుడు పదమూడవ స్థాయికి చేరినప్పుడు అతనికి మంత్రనిరోధం అబ్బుతుంది. దాని విలువ అతని స్థాయికి పది కలిపినంత, అంటే ఇరవైమూడు. అతనిపై మంత్రం వేసేవాడు పాచిక విసిరి, వచ్చిన సంఖ్యకు తన స్థాయిని కలుపుకోవాలి. మొత్తం ఇరవైమూడుకు తగ్గితే మంత్రం వట్టిపోతుంది.

మమ్మల్ని ఆలోచింపజేసినది దాని తరువాతి నియమము. ఆ నిరోధానికి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. తోటి పూజారి గాయం మాన్పే మంత్రం వేసినా, అదీ తిరిగిపోవచ్చు. యోధుడు మెలకువగా ఉండి, తన వంతులో పని మానుకుని, నిరోధాన్ని తానే దించుకుంటే మాత్రం స్వస్థత లోపలికి వస్తుంది.

ఇది ఒక్కనాడు పుట్టిన ఆలోచన కాదు. 1974 నాటి తొలి పుస్తకంలోనే మరుగుజ్జు వీరులకు మంత్రాలను తట్టుకునే శక్తి హెచ్చు. వారి రక్షణ పాచికను నాలుగు స్థాయిలు పెంచి లెక్కించేవారు. 1977 నాటి భూతప్రేతాదుల గ్రంథం ఈ శక్తిని నూటికి ఇంత అని లెక్కగట్టింది. 1989 నాటి సంస్కరణలో మరుగుజ్జులకు చిత్రమైన చిక్కు ఒకటి ఉంది. తమ వృత్తికి ప్రత్యేకించినది కాని మహిమగల వస్తువును వారు పట్టుకుంటే, నూటికి ఇరవైసార్లు అది పనిచేయదు. మంత్రం అంటనివానికి మంత్రపు ఉంగరమూ అంటదన్నమాట. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ అనే మరొక ఆటలో, ఈ గుణం కొనుక్కున్నవాడు మామూలుగా దానిని కావాలన్నప్పుడు ఆపుకోలేడు కూడా. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తంటా అంతా తీసివేసింది. మంత్రనిరోధం గలవాడు రక్షణకు రెండు పాచికలు వేసి మంచిదాన్ని ఎంచుకుంటాడు. గాయం మాన్పే మంత్రానికి అడ్డే లేదు. ఆట సుఖంగా సాగుతుంది, నిజమే. మాకు మాత్రం పాత నియమమే నచ్చింది. మూల్యం చెల్లించని రక్షణలో కథ ఏముంటుంది?

మన కథలలో ఈ సంగతి ఎప్పుడో ఉన్నది. సుందరకాండలో ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రానికి హనుమంతుడు కట్టుబడతాడు. అస్త్రబంధం తనను ఎంతోసేపు పట్టి ఉంచకుండా బ్రహ్మ వరం ఉన్నది. అయినా, రావణుని చూచి మాట్లాడవచ్చునని, తెలిసి తెలిసి ఊరకుంటాడు. మా మేనల్లుని భాషలో చెప్పాలంటే నిరోధం దించుకున్నాడు. ఇంతలో రాక్షసులు ఉత్సాహం పట్టలేక జనపత్రాళ్ళతో బిగించారు. మామూలు తాడు పడగానే అస్త్రం తనంతట వీడిపోయింది. ఆ సంగతి గ్రహించి ఇంద్రజిత్తు చింతించాడు. బాలనాగమ్మ కథ మరొకటి. 1942లో జెమినీవారి చిత్రంలో కాంచనమాల ధరించిన ఆ పాత్రను మాయల మరాఠీ కుక్కగా మార్చి ఎత్తుకుపోగలిగాడే గాని, ఆమె వ్రతం ముందు ఏళ్ళతరబడి నిలువరింపబడ్డాడు. అక్కడా నిరోధం ఆమెను కాచిందే తప్ప కోటనుండి బయటికి తేలేదు. అందుకు కొడుకు ఎదిగి రావలసివచ్చింది.

బావగారికి ఇటువంటి కథలు కొట్టినపిండి. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని బొమ్మల పటం పరచి చెప్పే కూనపులివారిని చిన్నతనంలో స్వగ్రామంలో చూచినవారు. ఆయనకు ఎవరి సహాయమూ అంటదని మా అక్క నవ్వుతూ అంటుంది. 2020లో సాంచాలు ఆగి నెలల తరబడి కూలి లేనప్పుడు మేము పంపబోయిన పైకం వద్దన్నారు. రెండవమారు అడిగితే ఫోను అక్కకిచ్చి బయటికి వెళ్ళిపోయారు.

ఇంతలో ఆటలో పని చెడింది. శిథిలమైన కోటలో మాంత్రికుడు విసిరిన రెండు మంత్రాలు సాధుయోధునికి తగిలి వట్టిపోయాయి. మేనల్లుడు చంకలు గుద్దుకున్నాడు. వెనుకనుండి కావలివాడు మామూలు దుడ్డుకర్రతో ఒక్కటి వేశాడు. యోధుడు నేలకూలాడు, స్పృహ లేదు. ప్రాణం సున్నాకు కింద ఆరు. వంతుకొకటి చొప్పున తగ్గి పదికి చేరితే మరణమే. మూడేళ్ళుగా పెంచుకున్న పాత్ర అది.

గంజాం పిల్లవాడు పూజారి, పన్నెండవ స్థాయి. పాచికలో పదకొండైనా పడాలి. మొదటిమారు నాలుగు, రెండవమారు తొమ్మిది. మంత్రాలు రెండూ వ్యర్థం. నిరోధం దించుకొమ్మందామంటే వానికి స్పృహే లేదాయె. ప్రాణం ఎనిమిదికి దిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేనల్లుని ముఖం చూస్తే, ఇది ఆటే కదా అనడానికి మాకు నోరు రాలేదు.

“మంత్రం ఎక్కకుంటే గుడ్డ కట్టరాదుర్రా?” అన్నారు బావగారు.

పిల్లలు నవ్వారు. సూత్రధారుడైన గుజరాతీ కుర్రవాడు మాత్రం నవ్వు ఆపి పుస్తకం తిరగవేశాడు. ఉన్నది. మంత్రంతో పనిలేని ప్రథమచికిత్స. గాయానికి కట్టుకట్టి ప్రాణం నిలపడానికి పదిహేను రావాలి. మంత్రం కాదు గనుక నిరోధం అడ్డురాదు. పూజారి పాచిక విసిరాడు. పన్నెండు పడింది, నేర్పు కింద ఏడు కలిపితే పంతొమ్మిది. ప్రాణం ఎనిమిది దగ్గరే నిలిచింది. యోధుడు ఇంకా లేవలేదు గాని, చావు తప్పింది.

మేనల్లుడు తన కాగితం మీద వ్రాసుకుంటున్నాడు.

“ఏం గుడ్డ రాసినవ్‌రా?” అని అడిగారు బావగారు.

“గుడ్డనే, నాయినా. పుస్తకంల ఏం గుడ్డో లేదు.”

“నూలుగుడ్డ అని రాయి. మనం నేసే పాలిస్టర్ నెత్తురు పీల్చదు.”