ముడుపులో నుండి దారిబత్తెమా?

గత మాసమున మా పట్టణపు పఠనమందిరమునకు నలుగురు యువకులు వచ్చిరి. ఆఫ్రికా ఖండమున టాంజానియా దేశమందలి కిలిమంజారో శిఖరము నెక్కబోవుచున్నామనియు, ఆ సాహసము పేర పోగైన ధనము నొక అనాథ శరణాలయమున కర్పింతుమనియు వినయముతో విన్నవించిరి. వినినవారు సంతసించి, చేతిఫోనులు తీసి తోచినంత పంపిరి. ఒక వృద్ధోపాధ్యాయుడు మాత్రము "నాయనా, మీ విమానపు టిక్కెట్టుకు డబ్బెవరిది?" అని యడిగెను. యువకులు మొగమొగములు చూచుకొనిరి. వసూలైన మొత్తములో నుండి ప్రయాణపు ఖర్చులు ముందుగా తీసికొని, మిగిలినది శరణాలయమున కిత్తురని తుదకు తేలినది. ఎంత మిగులునో వారికే తెలియదు!

ఆ యువకులపై మాకు కోపము లేదు. వారు మోసగాండ్రు కారు. పశ్చిమదేశములలో వాడుకపడిన త్రోవను పట్టినవారు. కిలిమంజారో 5,895 మీటర్ల యెత్తు గలది. ఆఫ్రికాలో నంతకు మించిన శిఖరము లేదు. అయినను వాడుకలోనున్న మార్గములలో త్రాళ్ల సాయము లేకయే, వారము దినములలో నడచి యెక్కి దిగవచ్చును. గాలి పలుచబడి తలనొప్పియు వాంతులును పీడించుటయే ప్రధానమైన గండము. అందుచే ధర్మము పేర కొండ లెక్కువారి కది యిష్టశిఖరమైనది. 2009వ సంవత్సరము మార్చిలో ఇంగ్లాండునందలి 'కామిక్ రిలీఫ్' అను ధర్మసంస్థ పక్షమున తొమ్మండుగురు ప్రసిద్ధులు దాని నెక్కి, ఆఫ్రికాలో మలేరియా నివారణకై 30 లక్షల పౌండ్లకు పైగా చందాలు రాబట్టిరి. సాహసము జనుల హృదయములను కదల్చునని మే మొప్పుకొనుచున్నాము.

అయితే ఆ దేశమున రెండు పద్ధతులు కలవు. మొదటిదానిలో ఎక్కువాడు తన ఖర్చు తానే భరించి, చందా యావత్తును ధర్మమునకే విడుచును. రెండవదానిలో ఇంత సొమ్ము తెత్తునని ధర్మసంస్థకు మాట యిచ్చి, ఆ సొమ్ములో నుండియే తన యాత్రకు వెల చెల్లింపించుకొనును. మేము ఖండించునది యీ రెండవదానిని, అందును దాత కెరుకపరుపక చేయుదానిని. "ఎక్కనిచో అసలే రాని ధనము గదా! సగము వచ్చినను లాభమే గదా!" అని వాదించువారు గలరు. లాభమే కావచ్చును. అట్లయిన ఆ మాట రసీదుపై వ్రాయుటకు భయమేల? అయిదువంద లిచ్చిన గుమాస్తా అనాథ బాలుని యన్నమున కిచ్చెనే గాని, మీ విమానమున కిచ్చెనా?

మన యిండ్లలో ఆపద వచ్చినపుడు పసుపు గుడ్డలో రూకలు కట్టి, ఏడుకొండలవానికి ముడుపు పెట్టుదురు. మెట్ల దారిని కాలినడకన కొండ యెక్కి, ఆ మూట విప్పకయే హుండీలో వేయుదురు. మోకాళ్లు పీకినను, ఆకలి వేసినను, ముడుపులో నుండి కాఫీకైన డబ్బు తీయరు. ఇల్లిల్లు తిరిగి భిక్షమెత్తి యాత్రకు పోవు మొక్కుబడివారు లేరా యందురేమో! కలరు. కాని వారు కొండకు పోవుటకే యని చెప్పి యడుగుదురు. ఇచ్చువా డది తెలిసియే యిచ్చును. చదువురాని యాత్రికునికి తెలిసిన యీ భేదము పట్టభద్రులకు తెలియకపోవుట వింత గాదా?

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఒక మాట చెప్పుదుము. ధర్మకర్త ట్రస్టు సొత్తును స్వలాభమునకు వాడరాదని 1882వ సంవత్సరపు ట్రస్టుల చట్టము 51వ సెక్షను విధించుచున్నది. ఆ చట్టము ప్రజాధర్మములకు నేరుగా వర్తింపకున్నను, అందలి నీతి చందాపుస్తకము పట్టిన ప్రతివానికిని వర్తించును. 1901లో దక్షిణాఫ్రికా విడిచి వచ్చునపుడు తమకు జనులిచ్చిన బంగారు, వజ్రపు కానుకలను గాంధీ మహాత్ముడు ప్రజాసేవకై ట్రస్టు పాలు చేసెను. కస్తూరిబా కాదన్నను వినలేదు. 1921లో తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెనని నిశ్చయించిన సభ మన బెజవాడలోనే జరిగినది. ఆ నిధికి నగ లొలిచి యిచ్చిన స్త్రీలు అది దేశమునకు చేరునను నమ్మకముతో నిచ్చిరి. నమ్మకమే చందాకు మూలధనము. దాని నొకసారి పోగొట్టుకొన్న పట్టణమున తరువాత నిజమైన దిక్కులేనివాడు చేయి చాచినను నెవ్వరు నమ్ముదురు?

మరియొక లెక్కయు గలదు. ఎక్కువారి వెనుక గుడారములు, వంటపాత్రలు, బియ్యము మోయువా రెవరు? కిలిమంజారోపై కూలి మోయదగిన బరువునకు 20 కిలోల హద్దు విధించవలసి వచ్చినది. వారి కూలి, బట్టలు, తిండి కనిపెట్టుటకు 2003లో ప్రత్యేకముగా నొక సంఘమే పుట్టవలసి వచ్చినది. 2014 ఏప్రిల్ 18వ తేదీన ఎవరెస్టుపై ఖుంబు హిమపాతమున మంచుపెళ్లలు విరిగిపడి పదునార్గురు నేపాళీ శ్రామికులు మరణించిరి. యాత్ర వెల తగ్గించి ధర్మమున కెక్కువ మిగుల్చుదమనుకొన్నచో, ఆ తగ్గింపు తుదకు మోతగాని కూలిపై పడును. ఒక పేదవాని కడుపు కొట్టి మరియొక పేదవాని కడుపు నింపుట ధర్మ మగునా?

కొండ లెక్కవద్దని మే మనుట లేదు. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులమునుండి వెడలి, పదునాలుగేండ్లు నిండకయే ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. ఆ యాత్రకైన వ్యయము ఎక్కించుటకే యని బాహాటముగా తెలిసినది. అనాథల పేర దాచినది కాదు. 1953లో టెన్సింగుతో ఎవరెస్టు నెక్కిన హిల్లరీ, 1961లో షెర్పాల కోరికపై ఖుంజుంగులో బడి కట్టించెను. 1966లో ఖుండేలో ఆసుపత్రి వెలసినది. తనకు బరువు మోసినవారి ఋణము నాతడు వారి పిల్లల చదువుతో తీర్చ యత్నించెను. ఇట్టి ధర్మమునకు మేము చేతు లెత్తి మ్రొక్కుదుము.

కావున పర్వతమునకు పోవు సోదరులను మేము కోరునవి మూడు. దారిఖర్చు మీరే పెట్టుకొనుడు. శక్తి లేనిచో యాత్రకు వేరుగా, పేరు చెప్పి యడుగుడు. మూటలు మోయువానికి న్యాయమైన కూలి యిచ్చు సంస్థతోనే పొండు. తిరిగి వచ్చిన నెలలోపల జమాఖర్చులు, శరణాలయమువా రిచ్చిన రసీదుతో సహా, ఈ పఠనమందిరపు గోడపై నతికింపుడు. చదువరులారా, మీకును నొక బాధ్యత కలదు: ఆ వృద్ధోపాధ్యాయుని ప్రశ్న నడుగుటకు సిగ్గుపడకుడు. అడిగినవాడు ధర్మమునకు శత్రువు కాడు, కావలివాడు. ఆ నలుగురు యువకులును లెక్క చూపి వచ్చిరేని, మొదటి చందా మేమే యిత్తుము.