పరిపాలనా కారణాల దృష్ట్యా



ఈ టపా కొంచెం దీర్ఘమైనది, కొంచెం కోపంతో వ్రాసినది. రెండింటికీ ముందుగానే మన్నించండి. తెలుగు పండితుడికి అమెరికా రైళ్ళతో పనేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. నిజమే. రైలును గురించి నాకు తెలిసినది టిక్కెట్టు కొని ఎక్కినవాడికి తెలిసినంతే. కాని పని చేస్తున్న మనిషిని ఉన్నపళంగా తొలగించడమన్నది ఏ దేశంలోనైనా ఒకే భాషలో జరుగుతుంది. ఆ భాష నాకు బాగా తెలుసు.

2019లో మా అబ్బాయి ఇంటికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు మెట్రోపార్క్ స్టేషనులో రైలెక్కి న్యూయార్కు వెళ్ళి వస్తూండేవాణ్ణి. ఎడిసన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్ ప్లాట్‌ఫారాల మీద ఉదయం పూట నిలబడితే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. వాషింగ్టన్ నుండి బోస్టన్ వరకు 457 మైళ్ళు సాగే ఆ మార్గంలో అధికభాగం ఆమ్‌ట్రాక్ అనే సంస్థది. హడ్సన్ నది అడుగున నేను దాటిన సొరంగం 1910లో తెరిచినది. అంత పాత సొత్తు నేటికీ మనుషులను మోస్తున్నదంటే ఎవరో ఎప్పుడో దాని మరమ్మతును గురించి పట్టుబట్టి ఉండాలి గదా! అలా పట్టుబట్టినవారిలో ఒకరు డేవిడ్ గన్. ఆయనకు దక్కిన సత్కారమేమిటో చెప్పడానికే ఈ టపా.

ఆమ్‌ట్రాక్ 1971 మే 1న నడక మొదలుపెట్టింది. ప్రైవేటు రైలు సంస్థలు నష్టమని వదిలించుకోజూసిన ప్రయాణికుల బండ్లను ఒకచోట చేర్చి ప్రభుత్వం నిలబెట్టిన సంస్థ అది. పుట్టుకలోనే నష్టం ఉన్న బిడ్డ. అయినా 1997లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, 2002 ముగిసేలోగా నడపడానికి ప్రభుత్వ సాయం అక్కరలేని స్థితికి రావాలని శాసించింది. చట్టం చేసినంత మాత్రాన లాభం వస్తుందా? రాలేదు. వస్తున్నట్లు కనబడడానికి చేయవలసినవన్నీ చేశారు. 2001లో న్యూయార్కులోని పెన్ స్టేషనును 30 కోట్ల డాలర్లకు తాకట్టు పెట్టారు. ఇంటి పెద్ద పుస్తెలు కుదువపెట్టి పండుగ చేసి, ఊరందరికీ ‘మా ఇల్లు కళకళలాడుతున్నది’ అని చెప్పుకున్నట్లు!

ఈ స్థితిలో 2002 మే నెలలో గన్ వచ్చాడు. న్యూయార్కు, వాషింగ్టన్, టొరాంటో నగర రవాణా సంస్థలను నడిపినవాడు. న్యూయార్కు సబ్‌వేకు 1984 నుండి 1990 వరకు అధిపతి. ఆ రోజుల్లో ఆ బండ్ల నిండా రంగుల గీతలే. శుభ్రం చేసిన పెట్టెను మళ్ళీ గీతలతో పట్టాలమీదికి రానివ్వనని నియమం పెట్టుకుని, ఆరువేలకు పైగా ఉన్న పెట్టెలను ఒక్కొక్క వరుసగా బాగుచేయిస్తూ పోయి, 1989 మేలో గీతలున్న చివరి బండిని కూడా తప్పించాడు. ఆ పిదప టొరాంటో కొలువు కూడా ముగించుకుని కెనడాలోని నోవా స్కోషియాలో విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి పిలిచి తెచ్చి ఆమ్‌ట్రాక్ పగ్గాలు అప్పగించారు.

వచ్చిన కొద్ది వారాలకే ఆయన నిజం చెప్పాడు. డబ్బు అయిపోతున్నది, సాయం అందకపోతే రైళ్ళు ఆగుతాయన్నాడు. ప్రభుత్వం 10 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వక తప్పలేదు. స్వయంపోషకత్వమన్నది కట్టుకథ అని ఎవరూ అనని మాట అన్నాడు. నష్టం తెస్తున్న సరుకుల రవాణా వ్యాపారాన్ని కట్టిపెట్టాడు. ఉద్యోగుల సంఖ్యను వేలల్లో తగ్గించాడు. కొత్త హంగుల జోలికి పోకుండా పట్టాలు, వంతెనలు, విద్యుత్తు తీగలు, పాత పెట్టెలు బాగుచేయడానికే డబ్బు అడిగాడు. 2005 ఏప్రిల్‌లో ఏసెలా అనే వేగపు రైళ్ళ బ్రేకు భాగాలలో పగుళ్ళు కనబడినప్పుడు, సంస్థకు పేరూ రాబడీ తెచ్చే ఆ 20 రైళ్ళనూ ఒక్కసారిగా నిలిపివేయించాడు. జూలైలో గాని అవి తిరిగి పట్టాలెక్కడం మొదలుకాలేదు. లెక్కల్లో నష్టం కనబడుతుందని ఒక్క రోజైనా జంకలేదు. ఆ ఏడాది ఆమ్‌ట్రాక్ ఎక్కినవారు రెండున్నర కోట్లు దాటారు.

2005 నవంబరు 9న పాలకమండలి ఆయనను తొలగించింది.

కారణం? సంస్థ భవిష్యత్తుకు వేరొక తరహా నాయకుడు కావాలని మండలి అధ్యక్షుడు డేవిడ్ లేనీ సెలవిచ్చాడు. ఏ తరహా? ఆ ముక్క తెలియాలంటే అంతకుముందు జరిగినవి చూడాలి. ఆ ఫిబ్రవరిలో బుష్ ప్రభుత్వం తన బడ్జెట్ ప్రతిపాదనలో ఆమ్‌ట్రాక్‌కు సున్న చుట్టింది. సెప్టెంబరులో పాలకమండలి వాషింగ్టన్–బోస్టన్ మార్గాన్ని విడదీసి వేరొక అనుబంధ సంస్థగా చేయడానికి తీర్మానించింది. మండలిలో పలు ఆసనాలు ఖాళీ. ఉన్నవారందరూ ఆ ప్రభుత్వం నియమించినవారే. గన్ ఆ చీలికను కూడదన్నాడు. నవంబరు 3న సెనేటు 93–6 ఓట్లతో ఆమ్‌ట్రాక్‌కు అండగా ఒక సవరణను ఆమోదించింది. వారం తిరగకముందే గన్ ఉద్యోగం ఊడింది. ఇక తరహా సంగతి వేరే చెప్పాలా?

పట్టాలు ఒకరికి, బండ్లు ఒకరికి పంచడంలో అపాయమేమిటని అడగవచ్చు. మన పల్లెల్లో పిల్లలకు చెప్పే అన్నదమ్ముల ఆవు కథ గుర్తున్నదా? పంపకాల్లో ముందుభాగం అమాయకుడైన తమ్ముడికి, వెనుకభాగం గడుసువాడైన అన్నకు. గడ్డి వేయడం తమ్ముడి వంతు, పాలు పితుక్కోవడం అన్న వంతు. రైలులో పట్టాలు, వంతెనలు, సొరంగాలు ముందుభాగం. ఎంత మేపినా తరగని ఖర్చు అక్కడే. టిక్కెట్టు డబ్బు వెనుకభాగం. కథలో తమ్ముడికి బుద్ధి చెప్పేవాడొకడు వస్తాడు. కథ కాబట్టి వచ్చాడు.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లో 1993 చట్టంతో రైల్వేను ముక్కలు చేశారు. పట్టాలు రైల్‌ట్రాక్ అనే ప్రైవేటు కంపెనీకి, బండ్లు వేర్వేరు కంపెనీలకు పోయాయి. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ వద్ద పగిలిన పట్టామీద బండి పక్కకు ఒరిగి నలుగురు మరణించారు. ఎక్కడెక్కడ పగుళ్ళున్నాయో పట్టాల యజమానికే సరిగా తెలియక దేశమంతటా వేగ నియంత్రణలు విధించవలసి వచ్చింది. ఏడాదికే రైల్‌ట్రాక్ దివాలా స్థితికి చేరింది. 2002లో లాభాపేక్షలేని నెట్‌వర్క్ రైల్ ఆ పట్టాలను స్వీకరించింది. ఈ పాఠం గన్ కళ్ళముందే ఉన్నది. పాఠం చదివి వచ్చిన విద్యార్థిని గోడకుర్చీ వేయించి, చదవనివాళ్ళు మార్కులు వేశారు!

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పక తప్పదు. నేను తొలినాళ్ళలో పనిచేసిన ఉన్నత పాఠశాలకు ఒక ప్రధానోపాధ్యాయులు ఉండేవారు. ఆటస్థలంలో రోడ్డు వైపు ముక్కను దుకాణాల వరుసకు ఇవ్వమని ఊరి పెద్దలు ఒత్తిడి తెచ్చారు. అద్దె వస్తుంది, దానితో గదులు కట్టుకోవచ్చన్నారు. ఆయన కాగితం మీద సంతకం పెట్టలేదు. ఒకనాడు మూడో పీరియడు నడుస్తుండగా బదిలీ ఉత్తర్వు వచ్చింది. అందులో ఉన్న కారణం ఒక్కటే: ‘పరిపాలనా కారణాల దృష్ట్యా’. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘తెలుగు మాస్టారూ, ఈ సమాసాన్ని విగ్రహవాక్యం చెప్పి విడదీయండి చూద్దాం’ అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం వీడ్కోలు శాలువాకు చందా ఇచ్చాను. ఆయనను ఉంచమని కోరుతూ ఇద్దరు ఉపాధ్యాయులు వ్రాసిన అర్జీ మీద మాత్రం సంతకం చేయలేదు. నాకప్పుడు ఉద్యోగం కొత్త. ఆ సంతకం అప్పు నేటికీ తీరలేదు.

‘వేరొక తరహా నాయకుడు’ అన్న మాట చదివినప్పుడు ఆ ఉత్తర్వే నా కళ్ళముందు ఆడింది. అది కూడా విగ్రహవాక్యం లేని సమాసమే.

ప్రతిపక్షం వాదన కూడా వినాలి. పాలకమండలికి తొలగించే అధికారం లేదా? ఉన్నది, కాదనను. ఏ అధికారీ సంస్థకు శాశ్వత యజమాని కాడు. గన్ ముక్కుసూటి మనిషి. మెత్తని మాట నేర్చినవాడు కాడు. అదీ ఒప్పుకుంటాను. ప్రజల సొమ్ము నష్టాల్లో పోతుంటే సంస్కరణ వద్దంటారా? వద్దనను. కాని అసలు సంస్కరణ చేస్తున్నవాడు ఆయనే గదా! రహదారి లాభం తేవాలని ఎవరూ అడగరు. మన భారతీయ రైల్వేలోనూ ప్రయాణికుల ఛార్జీల లోటును సరుకుల రాబడే పూడుస్తున్నది. మరమ్మతుకు డబ్బివ్వకుండా, మరమ్మతు చేసేవాణ్ణి బండి ఎందుకు కుంటుతున్నదని నిలదీయడం సంస్కరణ అనిపించుకోదు.

నా తగవు తొలగించడంతో కాదు, చెప్పిన కారణంతో. ‘మేము ఈ మార్గాన్ని చీల్చదలచాము, ఇతడు అడ్డుపడుతున్నాడు, అందుకే తీసివేశాము’ అని ఉంటే ప్రజలు ఆ చీలిక మంచిచెడ్డలు తర్కించేవారు. అసలు కారణం దాచి మనిషి తరహాను తప్పుపడితే చర్చ మనిషి మీదికి మళ్ళుతుంది, పట్టాల సంగతి మరుగున పడుతుంది. దీనికంటే పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఆ కుర్చీలో తరువాత కూర్చునేవాడు ముందు నేర్చుకునే పాఠమేమిటి? బ్రేకులో పగులు కనబడితే చెప్పాలా, పైవారి ముఖం చూడాలా?

చివరికి ఏమైనది? పాలిచ్చే గేదెను ఇచ్చి దున్నపోతును తెచ్చుకున్నట్లయింది. 2006 సెప్టెంబరులో వచ్చిన కొత్త అధిపతి అలెగ్జాండర్ కమెంట్ 2008 నవంబరులో వెళ్ళిపోయాడు. ఆ మార్గం చీలనూ లేదు. 2008 అక్టోబరులో ఆమ్‌ట్రాక్‌కు నిధుల దారి చూపే చట్టం మీద సంతకం చేసినది ఆ బుష్ అధ్యక్షుడే! మరి గన్ ఎందుకు పోయినట్లు?

ఇదంతా పాతకథ అని తోసిపుచ్చబోకండి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమ్‌ట్రాక్ రికార్డు స్థాయిలో 3 కోట్ల 28 లక్షల మంది ప్రయాణికులను చేరవేసింది. 2025 మార్చిలో దాని అధిపతి స్టీఫెన్ గార్డ్‌నర్, శ్వేతసౌధం కోరిందన్న వార్తల నడుమ, రాజీనామా చేశాడు. సంస్థకు ప్రభుత్వ విశ్వాసం చెక్కుచెదరకుండా ఉండేందుకేనని చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళలో మారినది పేర్లే. సమాసం అదే.

మీలో ఆ మార్గంలో రోజూ రాకపోకలు సాగించేవారుంటే, నది అడుగున చీకటి కమ్మినప్పుడు ఒక్క క్షణం తలచుకోండి. మీ కార్యాలయంలో రేపు ఎవరికైనా అటువంటి కాగితం వస్తే, శాలువాకు చందా ఇచ్చే ముందు అర్జీ మీద సంతకం చేయండి. నేను చేయనిది మీరు చేయండి.

ఇప్పటికి సెలవు. విభేదించేవారి వ్యాఖ్యలకు మరింత స్వాగతం.