కోచ్ చేతిలో మార్కుల కాగితం

అమెరికా కాలేజీ జట్లలో స్పోర్ట్ సైకాలజీ ఇంటర్న్ పని ముగిశాక చాలాచోట్ల చూసేవి రెండే: ఎన్ని గంటలు చేశారు, కోచ్ ఏమన్నారు. జట్టును నడిపేది కోచ్ గనక ఇంటర్న్ పనితనం తేల్చాల్సిందీ ఆయనేనని అందరూ ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను. ఈ పద్ధతి మంచి ఇంటర్న్‌కే శిక్ష వేస్తుంది.

నేను ఒక కాలేజీ వాలీబాల్ జట్టుతో ఇంటర్న్‌గా ఉన్నప్పటి సంగతి. బయటి ఊళ్లో ఓడి తిరిగొస్తున్న రాత్రి, సీజనంతా బెంచీకే పరిమితమైన ఒకమ్మాయి బస్సులో నా పక్కకొచ్చి కూర్చుంది. వేలికి చుట్టిన టేపు అంచు గోటితో గీకుతూ గంటసేపు గొంతు తగ్గించి మాట్లాడింది. మర్నాడు ప్రాక్టీసులో కోచ్ నన్ను పక్కకు పిలిచారు. "రాత్రి అంతసేపు ఏం చెప్పింది?"

"తను ఒప్పుకోకుండా చెప్పలేనండీ" అన్నాను.

సీజన్ చివర ఆయన నా గురించి రాసిన మాట: 'సిబ్బందితో సహకరించరు.' ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో తేల్చేది కోచే. తన మాట ఆయన చెవిన పడుతుందని తెలిస్తే ఏ అమ్మాయి నోరు విప్పుతుంది? ఆ ఏడాది నేను నిక్కచ్చిగా చేసిన పనే నా తప్పుగా కాగితానికెక్కింది.

గంటలంటారా, స్పోర్ట్ సైకాలజీ సలహాదారులకిచ్చే సీఎంపీసీ ధ్రువపత్రానికి మెంటార్ పర్యవేక్షణలో 400 గంటలు చేయాలి. చేయాల్సిందే. కానీ అది హాజరు పట్టీ. ఎంతసేపు కూర్చున్నామో చెబుతుంది, ఎలా విన్నామో చెప్పదు.

గెలుపును కొలతగా పెట్టుకున్నా అంతే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కోల్‌మన్ గ్రిఫిత్‌ను 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని తన జట్టుకు సైకాలజిస్టుగా పిలిపించుకున్నారు. మేనేజర్ చార్లీ గ్రిమ్‌కు ఆయన పొడ గిట్టలేదు. అదే ఏడాది కబ్స్ నేషనల్ లీగ్ గెలిచింది. మేనేజర్‌ను అడిగితే గ్రిఫిత్ దండగ, స్కోరుబోర్డును అడిగితే ఘనుడు. ఆటగాళ్లకు ఆయన నిజంగా పనికొచ్చారా అన్నది ఈ రెండింటికీ అందదు.

అడగాల్సింది ఆటగాళ్లను. పరిశోధకులు పార్టింగ్టన్, ఓర్లిక్ 1987లోనే కెనడా ఒలింపిక్ క్రీడాకారుల అనుభవాల ఆధారంగా ఒక పత్రం తయారుచేశారు. సలహాదారు తమకెంత ఉపయోగపడ్డారో క్రీడాకారులే మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా మార్కు వేస్తారు. ఆ మైనస్ నాకు చాలా విలువైనది. సాయం పేరుతో చెరుపూ జరగొచ్చని అది ఒప్పుకుంటుంది. తియ్యగా మాట్లాడేవాళ్లకే మార్కులు పడతాయని కొందరి భయం. అందుకే మెంటార్ కూడా స్వయంగా వచ్చి, ఆటగాళ్ల సమ్మతితో పక్కన కూర్చుని వినాలి. పత్రం మాత్రం జట్టులో అందరికీ అందాలి, ముందుగా బెంచీ మీదివాళ్లకు. పేరు రాయనక్కర్లేకుండా, కోచ్ కంటపడకుండా.

బస్సులో నా పక్కన కూర్చున్న ఆ అమ్మాయిని నా గురించి ఎవరూ ఒక్క మాటా అడగలేదు.