బిగిసిన కలము తెఱచు విధము

రామకుప్పమునుండి యొక సోదరి గత మాసమున మాకు వ్రాసిన జాబు పెక్కు గృహములకు పనికివచ్చునదిగా నున్నందున, దానికి ప్రత్యుత్తరము ఈ శీర్షికక్రిందనే వ్రాయుచున్నాము.

ఆమె తండ్రిగారు ఉపాధ్యాయులుగా పనిచేసి కొంతకాలము క్రిందట స్వర్గస్థులయిరి. వారి పెట్టెలో, పాత పంచాంగముల నడుమ, గుడ్డలో చుట్టిన నల్లని ఫౌంటెను పెన్నొకటి దొరకినదట. తమిళ, కన్నడ దేశముల పొలిమేరలు దాపుననుండు ఊరగుటచేత, తండ్రిగారు తెలుగున పాఠములును, అరవమున బంధువులకు జాబులును ఆ కలముతోడనే వ్రాసెడివారట. ఇప్పుడు కుమార్తె వివాహము నిశ్చయమైనది. లగ్నపత్రికను తాతగారి కలముతో వ్రాయింపవలెనని ఆ తల్లి కోరిక. సిరా పోయుటకు గొట్టము విప్పబోగా అది యించుకయు కదలలేదు. ఒకరు పట్టకారుతో త్రిప్పుమనిరి. ఒకరు సలసల క్రాగు నీళ్లలో వేయుమనిరి. మఱియొకరు కిరసనాయిలు పోయుమనిరి. ఇందేది చేయవలెనని ఆమె యడిగినారు.

అమ్మా, ఈ మూడింటిలో నేదియు చేయవలదు. మేమును ఒకప్పుడు మా యింటి పాత కలమును పట్టకారుతో పట్టి త్రిప్పితిమి. చిటుక్కుమని చిన్న చప్పుడయినది. గొట్టము ఊడివచ్చిన మాట నిజమే. కాని దాని యంచునుండి వెండ్రుకవంటి చీలిక యొకటి క్రిందికి పాఱినది. నాటినుండి అందులో సిరా నిలువలేదు. ఆ తప్పు మీరు చేయకుండుటకే యింత వివరముగా వ్రాయుచున్నాము.

మొదట కలము ఏ జాతిదో తెలిసికొనవలెను. ప్రక్కను చిన్న లోహపు మీట యున్నచో, లోపల రబ్బరు సంచి యుండును. దాని సంగతి తరువాత చెప్పెదము. మీటగాని మరి యే యంత్రముగాని లేక, గొట్టము విప్పి ఇంకు ఫిల్లరుతో తిన్నగా సిరా పోసికొనునదైనచో, అది మన దేశమున విస్తారముగా తయారైన రకము. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు 1932వ సంవత్సరమున స్వదేశీ కలముల తయారీ ప్రారంభించిరి. జె. సి. కుమారప్పగారి ద్వారా ఆ కలము నందుకొన్న గాంధీమహాత్ముడు, బజారులోని విదేశపు కలములకు బదులుగా అది పనికివచ్చునని మెచ్చుకొనుచు 1935 జులై 16వ తేదీని జాబు వ్రాసిరి. రామకుప్పపు సోదరి కలముపై పేరు చెరగిపోయినదట. కనుక అది యెవరి చేతిపనియో మేము చెప్పజాలము. కాని ఆమె వర్ణనను బట్టి ఫిల్లరుతో సిరా పోయు రకమే. అట్టి కలమును సిరా అయినప్పుడెల్ల విప్పవలసినదే. విప్పుటకే మరలు కోసిన వస్తువు కదలకున్నదనిన, మరలలో ఏదో అడ్డుపడినదని యర్థము. ఆ యడ్డు ఎండిన సిరాయే. నీరు ఆవిరికాగా రంగును, జిగురును మరచుట్లలో మిగిలి బంకవలె పట్టుకొనును. బంకను కరగించుటకు కావలసినది నీరును, వ్యవధియును, భుజబలము కాదు.

పిమ్మట కలము ఏ పదార్థముతో చేసినదో చూడవలెను. బొటనవ్రేలితో గట్టిగా రుద్ది వాసన చూడుడు. గంధకపు వాసన వచ్చినచో అది ఎబొనైటు. రబ్బరును గంధకముతో ఉడికించి గట్టిపరచినది. కర్పూరపు వాసన వచ్చినచో సెల్యులాయిడు. దానిని మెత్తపరచుటకు కర్పూరమునే కలిపెదరు. ఎబొనైటును వేడినీళ్లలో ముంచినచో నలుపు పోయి గోధుమరంగునకు తిరుగును. సెల్యులాయిడు వేడికి వంగిపోవును, నిప్పు తగిలినచో భగ్గున మండును. స్పిరిటు తగిలినచో కరగును. కావున దేనినైనను దీపమునకు గాని, పొయ్యికి గాని చూపరాదు.

ఇక పద్ధతి. మూత తీసి, ఒక గాజుగ్లాసు అడుగున మెత్తని గుడ్డ పరచి, చన్నీళ్లు పోయుడు. పాళీ క్రిందికుండునట్లు కలమును అందులో దింపుడు. పాళీ అడుగును తాకకుండ గొట్టమునకు దారము కట్టి వ్రేలాడదీయుట మేలు. వ్రేళ్లతో పట్టుకొని వ్రాయు భాగమును మెడ యందుము. మెడయు గొట్టమును కలియు అతుకు మునుగునంత నీరు చాలును, గొట్టమంతయు ముంచవలదు. కొంతసేపటికి నీలిచారలు తీగలవలె దిగుట కనబడును. లోని బంక కరగుచున్నదనుటకు అదియే గుర్తు. నీరు రంగుపట్టినప్పుడెల్ల మార్చుచుండుడు. ఎండతగిలి వన్నెమాసిన ఎబొనైటు చన్నీళ్లకును కొంత రంగు మారవచ్చును గనుక, గంటకొకసారి తీసి తుడిచి చూచుచుండవలెను. ఒకనాడు రెండు మూడు గంటలు నానబెట్టి, ఆరబెట్టి, మరునాడు మరల నానబెట్టుట ఒక్కమారుగా రాత్రియంతయు నుంచుటకంటె క్షేమకరము.

నానిన పిదప బాగుగా తుడిచి, గొట్టపు అంచును మాత్రము వెచ్చచేయవలెను. ఇస్త్రీపెట్టెతో కాచిన పొడిగుడ్డను అతుకు పైభాగమున చుట్టియుంచిన చాలును. ఆ వేడి మన చేయి సుఖముగా ఓర్చుకొనునంతకు మించరాదు. పైనున్న గొట్టము వెచ్చబడి కొంచెము వ్యాకోచించును. లోనున్న మెడ ఇంకను చల్లగానే యుండును. ఆ రెంటినడుమ ఏర్పడు సందు కంటికి కనబడదు గాని, పనికి చాలును.

ఇప్పుడు పాత సైకిలు ట్యూబు ముక్కలు రెండు తీసికొని, ఒకటి గొట్టముమీదను, ఒకటి మెడమీదను చుట్టుడు. అతుకునకు దగ్గరగా, కాని అంచును నొక్కకుండ పట్టవలెను. గొట్టపు నోరే అన్నింటికంటె పలుచన. అచ్చటనే చీలిక పుట్టును. పాళీ పైకుండగా ఎడమచేత గొట్టమును, కుడిచేత మెడను పట్టి, సీసామూత విప్పినట్లు గడియారపు ముల్లున కెదురుగా మెల్లగా త్రిప్పుడు. కదలకున్నచో ఇంచుక బిగించునట్లు ఆవైపునకు, మరల విప్పునట్లు ఈవైపునకు ఆడించుడు. ప్రక్కకు వంచవలదు. పట్టు జారినచో బలము హెచ్చింపక, మరల నానబెట్టుడు. నాలుగైదు దినములు పట్టినను విసుగు చెందరాదు.

మీట కలమునకు ఈ స్నానము పనికిరాదు. లోపలి ఉక్కురేకు త్రుప్పుపట్టును. అట్టివానిలో మెడ సాధారణముగా మరలు లేక బిగువుగా దూర్చబడి, ఒక్కొక్కప్పుడు లక్కతో అతుకబడి యుండును. దానిని పొడివేడితో మాత్రమే మెత్తపరచి, ఇంచుకించుక త్రిప్పుచు తిన్నగా లాగవలెను. లోని రబ్బరుసంచి ఎండి రాయియైయుండును. క్రొత్తది వేయవలసివచ్చును గనుక, ఆ పని తెలిసినవారికప్పగించుట యుత్తమము.

గొట్టము విడివడిన పిదప మరలను మెత్తని పళ్లబ్రష్షుతో చన్నీట కడిగి, పూర్తిగా ఆరనిండు. ఫౌంటెను పెన్నులకు తగిన సిలికోను గ్రీజును ఆవగింజలో సగమంత మరలకు రాయుడు. సిరా కారదు, మరల పట్టుకొనదు. కొబ్బరినూనె రాయవలదు, అది సిరాలో కలిసి పాళీకి ప్రాకును. ఫౌంటెను పెన్నులకని చేసిన మామూలు నీలిసిరాయే పోయవలెను. చిత్రలేఖనమునకు వాడు, నీటికి చెరగని సిరాను పోసినచో కలము లోపల గడ్డకట్టును.

లగ్నపత్రిక వ్రాయు సోదరికి మరియొక మాట. ఇట్టి కలములో సిరా అడుగంటినప్పుడు, లోని గాలి చేతివేడికి వ్యాకోచించి సిరాచుక్కను బయటికి త్రోయును. పసుపు పూసిన పత్రికమీద ఆ చుక్క పడరాదు గదా! ముందటి దినముననే సిరా పోసి రెండు పుటలు వ్రాసి చూడుడు. ముహూర్తపు దినమున గొట్టము నిండుగా నింపి కూర్చుండుడు. పని ముగిసిన పిదప సిరా తీసివేసి, కడిగి, ఆరబెట్టి దాచుడు.

ఇంత చేసినను రాకున్నచో, ఆపివేయుడు. పాళీని సిరాబుడ్డిలో ముంచి, నాలుగేసి మాటలు చొప్పున పత్రిక వ్రాయవచ్చును. తండ్రిగారి కలము చెక్కుచెదరక నిలుచును. తెఱచుకొన్నచో మాత్రము, ఆ శుభవార్త మాకు ఆ కలముతోడనే వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.