వదంతికి మూడేళ్ళు

కోర్టులో ప్రమాణం చేసి ఆడేవో, ఎదుటివాడి డబ్బు గుంజడానికి ఆడేవో, అలాంటివి మరికొన్నో వదిలేస్తే, మన దేశంలో ఊరికే అబద్ధం ఆడటం నేరం కాదు. జనాన్ని కంగారు పెట్టడం మాత్రం నేరం. రెండిటికీ తేడా ఏముంది, కంగారు పెట్టేవి అబద్ధాలేగా అంటారా? కాస్త ఆగండి. నా గొడవంతా ఆ తేడాతోనే.

భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ తీసి చదవండి. 2024 జులై 1 దాకా ఇండియన్ పీనల్ కోడ్‌లో 505గా ఉన్నది ఇదే. ప్రకటన, తప్పుడు సమాచారం, వదంతి, రిపోర్టు: ఈ నాలుగిట్లో దేన్ని తయారు చేసినా, ప్రచురించినా, పంచినా, దానివల్ల జనంలో భయమో కలవరమో పుట్టి, ఎవరైనా ప్రభుత్వానికో ప్రజాశాంతికో వ్యతిరేకంగా నేరం చేసే వీలుంటే, మూడేళ్ళ దాకా జైలు. భయం పుట్టించాలనే ఉద్దేశం ఉండాలా? అక్కర్లేదు. పుట్టే అవకాశం ఉంటే చాలు.

పాత సెక్షన్‌లో ‘తప్పుడు సమాచారం’ అన్న మాటే లేదు. కొత్తగా చేర్చారు. చేర్చి, మిగతా మూడిటి పక్కన నాలుగోదిగా నిలబెట్టారంతే. అంటే మీరు చెప్పింది తప్పు కాకపోయినా ‘ప్రకటన’ కిందో ‘రిపోర్టు’ కిందో లోపలికి వస్తుంది. మరి నిజం చెప్పినవాడి గతేమిటి? వాడికో మినహాయింపు ఉంది. నిజమని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయనీ, సదుద్దేశంతోనే చెప్పాననీ చూపించుకుంటే బయటపడొచ్చు. చూపించుకోవాల్సింది నిందితుడే. అదీ ఎప్పుడు? కేసు పెట్టి, ఫోను లాక్కుని, స్టేషన్ చుట్టూ తిప్పి, చివరికి కోర్టులో విచారణ మొదలయ్యాక. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. ఆ నిలకడేదో పోలీసులకి ఉండక్కర్లేదట, నిందితుడికి ఉంటే చాలట.

ఇదేమీ పొరపాటున రాసిన వాక్యం కాదు. పూనాలో ప్లేగు రోజుల్లో సర్కారు తీసుకున్న చర్యల మీద మండిపడ్డ తిలక్‌ని 1897లో రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. మరుసటి ఏడాదే, 1898లో, ఒక్క సవరణ చట్టంతో రాజద్రోహం సెక్షన్‌ని బిగించారు, 153ఎ తెచ్చారు, 505ని తిరగరాశారు. పరాయి ప్రభుత్వానికి కావాల్సింది నిజానిజాల విచారణ కాదు, జనం నోళ్ళు అదుపులో ఉండటం. ఆ పని ఈ సెక్షన్ బాగానే చేసింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజద్రోహంతో పాటు దీన్నీ నిలబెట్టింది. అప్పట్నుంచి ఢిల్లీలో ఏ జెండా ఎగిరినా ఇది మాత్రం కదల్లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన కమిటీయే తర్వాత ఇచ్చిన నివేదికలో యాజమాన్యం నిర్లక్ష్యాన్ని ఎత్తి చూపింది. ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉండి కూడా దాన్ని మోగించలేదని చెప్పింది. ఆ మే నెలలోనే, ఈ ప్రమాదం మీద సందేహాలు లేవనెత్తిన ఒక పోస్టుని ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు ఒక పెద్దావిడకి సి.ఐ.డి. నోటీసు ఇచ్చింది. పెట్టిన సెక్షన్లలో 505 ఒకటి. చట్టం వాడే మాట ‘కలవరం’. కలవరపెట్టి నిద్ర లేపాల్సిన సైరన్ మోగలేదు. ఎందుకు మోగలేదని అడిగే గొంతులు మాత్రం జనాన్ని కలవరపెడుతున్నాయి!

2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో, తాతకి ఆక్సిజన్ సిలిండర్ కావాలని ట్వీట్ చేసిన యువకుడి మీద కూడా వదంతుల కేసే పెట్టారు. ఆ నెలాఖరున సుప్రీంకోర్టు కలగజేసుకుని, కష్టం చెప్పుకునే పౌరుల మీద ఇలా విరుచుకుపడితే కోర్టు ధిక్కారంగా చూస్తామని హెచ్చరించాల్సి వచ్చింది. నిజానికి ఆ రోజుల్లో ఆక్సిజన్ ఎక్కడ ఉందో జనానికి చెప్పింది ఏ శాఖా కాదు, ఒకరి నుంచి ఒకరికి వెళ్ళిన మెసేజులే. వాటిలో సగం పాతబడ్డవీ, పొరపాటువీ ఉండేవి. అయినా వాటివల్ల మనుషులు బతికారు.

ఇక్కడ పార్టీల లెక్క తీసేవాళ్ళు ఉంటారు. తీయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో తెలుగుదేశం ప్రభుత్వం ఉండగా, శాసనమండలి మీద వేసిన ఒక వ్యంగ్యచిత్రానికి ఫేస్‌బుక్ పేజీ నడిపేవాణ్ణి అరెస్టు చేశారు. 2019 అక్టోబరులో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం జీవో 2430 తెచ్చి, తప్పుడు వార్తలు రాసే మీడియా మీద కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శుల చేతికిచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ సోషల్ మీడియా వాళ్ళ మీద పదుల సంఖ్యలో కేసులు పడ్డాయి. వాళ్ళు రాసిన వాటిల్లో నోటితో పలకలేని బూతులున్నాయి, నిజమే. వాటిని వెనకేసుకు రావడం లేదు. 2025లో తెలంగాణ సంగతీ చూశాం. కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేత మీద ఒక కృత్రిమ బొమ్మని మళ్ళీ పంచుకున్నందుకు ఐ.ఏ.ఎస్. అధికారి స్మితా సబర్వాల్‌కే పోలీసు నోటీసు వెళ్ళింది. నిన్న కేసులు తిన్నవాళ్ళు ఇవాళ కేసులు పెడుతున్నారు. కానీ ఒక్క పార్టీ అయినా, మేం వస్తే ఈ సెక్షన్‌ని సరిచేస్తాం అని మేనిఫెస్టోలో రాసిందా? రాయదు. కర్ర తన చేతికి వచ్చేదాకానే ఎవరికైనా అది చెడ్డది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఒక సంగతి తొందరగానే తెలిసొస్తుంది. షరతులు సరిగ్గా రాయని రూలు తనంతట తాను ఏదీ పట్టుకోదు, నడిపేవాడు చూపించినదాన్నే పట్టుకుంటుంది. కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఐ.టి. నిబంధనలు మార్చి, తన వ్యవహారాల గురించి ఏది నకిలీయో, ఏది తప్పుదారి పట్టించేదో తన నిజనిర్ధారణ విభాగమే తేలుస్తుందంది. వాది, సాక్షి, జడ్జి అన్నీ తనే. కమెడియన్ కునాల్ కామ్రా, మరికొందరు కోర్టుకి వెళితే, 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది. అంతకుముందు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో 66ఎ పోయింది. పోయిందని పోలీసులకి మాత్రం ఏళ్ళ తరబడి తెలియలేదు. చచ్చిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. వదంతులు మనుషుల్ని చంపలేదా? చంపాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురిని చంపారు. ఈ చావుల్ని చిన్నవి చేసి మాట్లాడేవాడితో నాకు పని లేదు. కానీ అప్పుడు 505 లేదా? ఉంది. 120 ఏళ్ళుగా ఉంది. ఎవర్ని ఆపింది?

ఆపలేదు, ఎందుకంటే ఆ వీడియోలు పంపిన వాళ్ళలో ఎక్కువమంది వాటిని నమ్మారు. తన బిడ్డని ఎవరో ఎత్తుకుపోతారని వణికిపోయే తల్లి జైలు శిక్ష చూసి ఆగుతుందా? తను చేస్తున్నది నేరమని కాదు, పదిమందికీ మేలని ఆమె అనుకుంటోంది. తెలిసి నేరం చేసేవాణ్ణి శిక్ష ఆపుతుంది గానీ, నమ్మి భయపడేవాణ్ణి ఆపలేదు. ఇక తెలిసి తెలిసి అబద్ధాన్ని వండి వార్చేవాళ్ళు సాధారణంగా ఏదో ఒక పార్టీ నీడలో ఉంటారు. వాళ్ళ జోలికి స్టేషన్ వెళ్ళదు, పార్టీ ఓడిపోతే తప్ప.

మరి ఏది ఆపింది? అదే 2018లో, జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్ళకి పంపారు. వేసవిలో ఆరుబయట పడుకునే జనం తలుపులు బిడాయించుకుంటున్నారన్న సంగతి కానిస్టేబుళ్ళ ద్వారానే ఆమెకి తెలిసింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఆ వీడియోలు బూటకమని చెప్పారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి పాడించారు. 400 పైచిలుకు ఊళ్ళలో ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి కుదించింది. ఒకటి మాట, ఒకటి మీట. రెండిట్లోనూ అబద్ధం కన్నా వేగంగా నిజాన్ని నడిపించడమో, అబద్ధాన్ని నెమ్మది చేయడమో ఉంది. చంపినవాళ్ళని శిక్షించడానికి హత్య సెక్షన్లు ఎటూ ఉన్నాయి. చంపమని పురికొల్పినవాళ్ళకి ప్రేరణ, కుట్ర సెక్షన్లు ఉన్నాయి.

సాహిత్య పత్రికలో ఈ చట్టాల గోల ఎందుకు అనొచ్చు. దీనికి తోబుట్టువైన 196, అంటే పాత 153ఎ, కింద గుజరాత్ పోలీసులు ఒక ఉర్దూ కవిత మీద కేసు పెట్టారు. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ దాన్ని వీడియోకి జోడించాడని. 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేస్తూ, మాటల ప్రభావాన్ని గుండె నిబ్బరం ఉన్న మనుషుల కొలతతో చూడాలి తప్ప, ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసే బెదురుగొడ్డు మనసులతో కాదని తేల్చింది. ఎంపీ గనక సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జిల్లా కేంద్రంలో కవిత రాసుకునే మాస్టారు వెళ్ళగలడా? ఆయన పోస్టు డిలీట్ చేసి, రేపట్నుంచి వాతావరణం మీద రాస్తాడు. ఈ సెక్షన్ గెలుపు శిక్షల్లో కాదు, ఆ డిలీట్‌లో ఉంది.

ఏ చట్టమూ వద్దనడం లేదు. ఉంచాలంటే ఇలా ఉంచండి. చెప్పింది అబద్ధమని, అది అబద్ధమని అతనికి తెలుసని రుజువు చేసే భారం ప్రభుత్వం మీద పెట్టండి. ‘కలవరం’ తీసేసి, కళ్ళెదుటి హింస అని రాయండి. ఒక మంత్రి గురించో శాఖ గురించో అన్న మాటకి ఆ మంత్రి, ఆ శాఖ ఫిర్యాదీ కాకూడదని రాయండి. మేజిస్ట్రేట్ చూడకుండా అరెస్టు, ఫోను జప్తు ఉండకూడదని రాయండి. అప్పుడు ఇది అబద్ధానికి శిక్ష అవుతుంది. ఇప్పుడున్నది అడగడానికి శిక్ష.