మేడమీది ప్రయోగశాల

శాస్త్రజ్ఞుని గొప్పతనమును కొలుచుటకు లోకము సాధారణముగా రెండు కొలబద్దలను వాడును. ఆయన ఏ యంత్రమును కనిపెట్టెను? ఆయనకు ఏ బహుమానము లభించెను? ఈ రెంటితో చూచినచో ఇటలీ దేశపు రసాయనశాస్త్రవేత్తయగు జాకొమో చమిచన్ పేరు పెద్దల వరుసలో చేరదు. ఆయన కనిపెట్టిన యంత్రమేదియు లేదు. నోబెల్ బహుమానమునకు తొమ్మిది మార్లు ఆయన పేరు ప్రతిపాదింపబడినను, ఒక్కమారైనను అది ఆయనను వరింపలేదు. ఆయన ఊహించిన పరిశ్రమ నేటికిని పూర్తిగా నెలకొనలేదు. కావున ఆయనను వట్టి స్వాప్నికుడని తేల్చివేయుట సులభము. కాని ఆ తీర్పు న్యాయమైనది కాదు.

చమిచన్ 1857లో ట్రియెస్ట్ అను రేవుపట్టణమున ఆర్మీనియా సంతతికి చెందిన కుటుంబములో జన్మించెను. అప్పుడా పట్టణము ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. వియన్నా నగరమున చదివి, 1880లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, రోము నగరమున కన్నిజారో అను ప్రసిద్ధాచార్యుని కడ సహాయకుడుగా చేరెను. 1887లో పాడువా విశ్వవిద్యాలయమునకును, 1889లో బొలోన్యా విశ్వవిద్యాలయమునకును ఆచార్యుడుగా వెళ్లెను. బొలోన్యాను ఆయన మరల విడువలేదు.

తొలినాళ్లలో ఆయనకు పేరు తెచ్చినది పైరోలు అను పదార్థమును గూర్చిన కృషి. ఆకునకు పచ్చదనమునిచ్చు పత్రహరితములోను, నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థములోను ఉండునవి పైరోలు వలయములే. ఆ దారినే పోయిననూ ఆయన జీవితము గౌరవముగా గడచియుండెడిది. కాని ఆయన మనస్సును పట్టి లాగినది వేరొక ప్రశ్న. చెట్టు ఆకు నిప్పు లేకయే, ఘాటైన ఆమ్లములు లేకయే, నీటినుండియు బొగ్గుపులుసు వాయువునుండియు తన ఆహారమును తయారుచేసికొనుచున్నది. రసాయనశాలలో మానవుడు చేయు పనికి మాత్రము కొలిమి వేడిమియు, తీవ్రమైన పదార్థములును కావలెను. ఆకు చేయు పనిని గాజుపాత్రలో చేయింపలేమా?

1886లో రోములో ఉండగానే ఆయన క్వినోనను పదార్థమును ఆల్కహాలులో కలిపి ఎండలో ఉంచి, వెలుగువలన అందు మార్పు కలుగుటను కనుగొనెను. జర్మనీలో క్లింగర్ అను శాస్త్రజ్ఞుడును అదే కాలమున ఆ క్షేత్రమున పనిచేయుచుండెను. చమిచన్ ఆ పనిని ఆపి, పదునాలుగేండ్ల పిమ్మట, అనగా 1900లో, తిరిగి చేపట్టెను. అప్పుడు తోడైనవాడు పాల్ సిల్బర్ అను జర్మను రసాయనజ్ఞుడు. రోములో కుదిరిన ఆ స్నేహము సుమారు ముప్పది సంవత్సరములు నిలిచెను.

వారి ప్రయోగశాల మేడమీద కలదు. పైకప్పు మీదను, వసారాల మీదను గాజు బుడ్లును, మూతులు కరగించి మూసిన గాజు నాళములును వందలకొలది నిలువబెట్టబడి యుండెను. వానికి దీపము లేదు, కొలిమి లేదు, సూర్యుడే పనివాడు. ఉత్తర ఇటలీలో చలికాలమున మంచు దట్టముగా క్రమ్మును. అట్టి రోజులలో పని నడువదు. ఒక్కొక్క నాళము వారముల తరబడి, కొన్ని నెలల తరబడి ఎండకై కాచుకొనవలసినదే. ఈ నిరీక్షణను తేలికగా భావింపరాదు. కొలిమి మీద గంటలో తేలెడు ఫలితమునకును, మబ్బుల దయమీద ఆధారపడి వచ్చు ఫలితమునకును ఓపికలో ఎంతో భేదము కలదు.

ఒక ఉదాహరణము చాలును. బెంజోఫినోనను పదార్థమును ఆల్కహాలులో కరగించి ఎండలో పెట్టిరి. కొంతకాలమునకు బుడ్డి అడుగున తెల్లని స్ఫటికములు పేరుకొనెను. రెండేసి అణువులు వెలుగు ప్రేరణచే జతకూడి క్రొత్త పదార్థమైనవి. ఇది వెలుగు చేసిన పనియా, ఎండవేడిమి చేసిన పనియా అను సందేహము ఎవరికైనను కలుగును. వారికిని కలిగెను. అందుచేత వెలుగును రంగుద్రవముల గుండా పంపి, ఎర్రని కిరణములను, నీలి కిరణములను వేరువేరుగా పరీక్షించిరి. నీలి కిరణములకే శక్తి యెక్కువయని తేలెను. వేడిమియే కారణమైనచో కిరణముల రంగునుబట్టి ఇంత తేడా కనబడదు. శాస్త్రమనగా ఇట్టి సందేహములను తనకు తానే లేవదీసికొని తీర్చుకొనుట.

1912 సెప్టెంబరు 11న న్యూయార్కు నగరమున జరిగిన అంతర్జాతీయ అనువర్తిత రసాయనశాస్త్ర మహాసభలో చమిచన్ భావికాలపు కాంతిరసాయనశాస్త్రమును గూర్చి ప్రసంగించెను. నేలబొగ్గు అనునది పూర్వయుగములనాటి చెట్లు దాచిపెట్టిన ఎండయే; ఆ నిధి తరుగుచున్నది; ఈనాటి ఎండను వాడుకొనుట నేర్వవలెనని ఆయన వాదము. వట్టి మాటలతో విడువక లెక్కయు కట్టి చూపెను. ఒక చదరపు మీటరు నేలపై గంటకు 1,800 పెద్ద కెలోరీల వేడిమి పడును. ఉష్ణదేశములలో దినమునకు ఆరు గంటల ఎండ మాత్రమే లెక్కించినను 10,800 అగును. ఒక కిలోగ్రాము బొగ్గు కాలినచో 8,000 వచ్చును. కావున చదరపు మీటరునకు దినమునకు సుమారొక కిలోగ్రాము బొగ్గు. అట్లయిన 10,000 చదరపు కిలోమీటర్ల నేలపై ఏడాదికి పడు ఎండ సుమారు 300 కోట్ల టన్నుల బొగ్గునకు సమానము. నాడు యూరపు, అమెరికా గనులనుండి ఏడాదికి వచ్చు బొగ్గు 110 కోట్ల టన్నులే. 2022లో విభజింపబడుటకు ముందున్న అనంతపురము జిల్లాలో సగము నేల ఇంచుమించు 10,000 చదరపు కిలోమీటర్లు. అక్కడి రైతు వానకై ఆకాశము వంక చూచునే గాని, ఆ ఎండలో ఇంత నిధి కలదని ఎన్నడు లెక్కించును?

ఈ లెక్కలో ఒక లోపము కలదు. సూర్యునినుండి వచ్చు శక్తికి ఆయన తీసికొనిన విలువ నేడు కొలిచిన దానికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అయినను 1.35 కిలోగ్రాములని వచ్చిన ఫలితమును ఆయన తగ్గించి ఒక కిలోగ్రాముగా తీసికొనెను. ఆ తగ్గింపే లోపమును చాలవరకు పూడ్చివేసినది. గాలిలో హరించుకుపోవు భాగమును తీసివేసినను వాదము నిలుచును.

మరి భవిష్యత్తు ఆయన చెప్పినట్లే నడచెనా? పూర్తిగా కాదు. బీడు భూములలో పొగలేని పరిశ్రమలు వెలయునని ఆయన ఆశించెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో సిలికాను సౌరఘటము వెలువడిన పిమ్మట ఎండనుండి విద్యుత్తు తీయుట సాధ్యమయ్యెను. 2017 నాటికి కర్నూలు సీమలోని గని, శకునాల గ్రామముల చెంత 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము ఏర్పడెను. అది గాజు నాళముల దారి కాదు. ఆకువలె వెలుగునుండి నేరుగా ఇంధనమును చేయుట ప్రయోగశాలలను దాటి పెద్దయెత్తున ఇంకను రాలేదు. బొగ్గు వాడకము తగ్గుటకు మారుగా ప్రపంచమంతట ఏడాదికి 800 కోట్ల టన్నులను మించినది. ఇందు తప్పు జోస్యము చెప్పినవానిది కాదు, విని ఊరకున్నవారిది.

1915లో ఇటలీ మహాయుద్ధమున దిగగా స్నేహితులిరువురి దేశములు ఎదురెదురు పక్షములయ్యెను. సిల్బర్ వెళ్లిపోవలసి వచ్చెను. వారి ఉమ్మడి కృషి అంతటితో ఆగెను. 1922 జనవరి 2న చమిచన్ బొలోన్యాలో మరణించెను. ఏ జోస్యముకంటెను ఆయనను అంచనా కట్టుటకు తగినది ఒక చిన్న ప్రయోగము. సోయికూర గింజలకు సువాసననిచ్చు కార్వోనను పదార్థమును వారు ఎండలో నెలల తరబడి ఉంచి, అందు నాలుగు కర్బన పరమాణువుల వలయము ఏర్పడినదని 1908లో ప్రకటించిరి. దానిని నిస్సందేహముగా నిరూపించు సాధనములు ఆనాడు లేవు. 1957లో అమెరికాలో ఇరువురు రసాయనజ్ఞులు ఆ ప్రయోగమును మరల చేసి చూచిరి. బొలోన్యా మేడమీద వ్రాసికొనిన నిర్మాణమే సరియైనదని తేలెను.