షుగరు రాకముందు చెప్పే మనిషి కావాలి

షుగరు వచ్చాక మాత్రలిచ్చే చోటు ఇవాళ పల్లెదాకా వచ్చింది. డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికే రావాలన్న 'ఫ్యామిలీ డాక్టర్' పథకాన్ని 2023 ఏప్రిల్ 6న ప్రారంభించింది మన పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే. మంచిదే. కానీ జబ్బు రాకముందు కూర్చోబెట్టి, మన మాటల్లో, మన వంటింటి లెక్కలో చెప్పే మనిషి ఎక్కడ?

ఈ ప్రశ్న చిన్నది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్లు. షుగరు అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. అంటే జబ్బుపడినవాళ్ల కన్నా ఆపగలిగిన వాళ్లే ఎక్కువ. (పిల్లల్లో వచ్చే మొదటి రకం షుగరు వేరు. దాన్ని ఆపలేం. అది ఆ పిల్ల తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు.)

ఆపడం సాధ్యమేనా? సాధ్యమేనని చెన్నై డాక్టర్లు 2006లోనే రుజువు చేశారు. అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూశారు. మామూలు సలహాతో వదిలేసిన గుంపులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి గురించి, నడక గురించి పదేపదే చెప్పి వెంట ఉన్న గుంపులో 39 మందికే వచ్చింది. మాత్ర ఇచ్చిన గుంపులోనూ ఫలితం దాదాపు ఇంతే. అంటే ఓపికగా చెప్పే మాట మందుతో సమానంగా పనిచేసింది. ఆ పని చేసే మనిషినే 'డయాబెటిస్ ఎడ్యుకేటర్' అంటున్నారు.

అయితే ఆ 531 మందిలో మగవాళ్లు 421, ఆడవాళ్లు 110. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. 'రోజూ అరగంట నడవండి' అన్న సలహా ఎవరికి? తెల్లవారకముందే లేచి, వంట చేసి, మిరప కోతకు ఆటోలో వెళ్లి, వంగిన నడుముతో తిరిగొచ్చే కూలి మనిషికా? 'వేళకు తినండి' అంటే అందరూ తిన్నాక మిగిలిన అన్నం, అడుగు కూరతో సరిపెట్టుకునే ఇల్లాలికా? 'మళ్లీ జొన్నలు తినండి' అంటున్నారు. పల్నాటి జొన్నకూడును ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుడి పేర ఉన్నాయి. 1967లో సాగర్ నీళ్లు, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ జొన్న పళ్లెంలోంచి జరిగిపోయింది. దాన్ని తిరిగి తెస్తామంటే కాదనం. కానీ ఆ జొన్నలు దంచిందెవరు? రేషన్‌లో పిండిగా ఇవ్వకుండా సలహా ఒక్కటే ఇస్తే ఆడదాని చాకిరీ ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

ఇంకా పెద్ద అన్యాయం గర్భిణుల విషయంలో జరుగుతోంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 దాటితే గర్భంతో వచ్చిన షుగరు. కాన్పు తర్వాత అది తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ ఆ తల్లికి ముందు ముందు షుగరు వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. అప్పటికామె పుట్టింట్లో ఉంటుంది. కార్డు అత్తగారి ఊళ్లో ఉంటుంది. బిడ్డకు టీకాల తేదీ అందరికీ గుర్తే. తల్లి పరీక్ష తేదీ ఎవరికి గుర్తుంది? బిడ్డ పుట్టాక తల్లి ఆరోగ్యంతో ప్రభుత్వానికి పనిలేదా?

'ఆశాలున్నారు కదా' అంటారు. ఉన్నారు. ముప్పై దాటిన ప్రతివాళ్ల ఇంటికీ వెళ్లి ఫారాలు నింపుతున్నారు. ఫారం నింపడం వేరు, చెప్పడం వేరు. చెప్పడానికి శిక్షణ కావాలి, తీరిక కావాలి. మాచర్ల వైపు తండాల్లో లంబాడీ మాట వచ్చి ఉండాలి. 2019లో ఆశాల గౌరవ వేతనం 10,000 రూపాయలకు పెరిగింది. కానీ పేరు మాత్రం ఇంకా 'స్వచ్ఛంద కార్యకర్తే'. ఈ బరువు కూడా వాళ్ల నెత్తినే ఊరికే పెట్టేస్తే అది వాళ్ల శ్రమను దోచుకోవడమే.

అందుకే మనం అడగాల్సినవి ఇవి: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ జీతంతో ఒక షుగరు ఎడ్యుకేటర్ పోస్టు, ఆ పోస్టులో శిక్షణ పొందిన స్థానిక మహిళ, తండాల్లో వాళ్ల భాషలో బోధన, గర్భంలో షుగరు వచ్చిన ప్రతి తల్లికీ, ఆమె ఏ ఊళ్లో ఉన్నా, కాన్పు తర్వాత పరీక్ష, రేషన్‌లో జొన్నపిండి.

తెలుసుకోవడం ఎంత బలమో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాచకంలోని పాఠం వాళ్లకు సలహాగా మిగల్లేదు, హక్కుగా మారింది. షుగరు పాఠం కూడా అలాగే మారాలి. నరసరావుపేట, గురజాల, మాచర్లలోని మన సంఘాలు వచ్చే నెల సమావేశంలో పొదుపు లెక్క ముగిశాక ఈ ఒక్క లెక్క కూడా అడగాలి: మన ఊళ్లో గర్భంలో షుగరు వచ్చిన తల్లులెందరు? వాళ్లలో కాన్పు తర్వాత పరీక్ష జరిగిందెందరికి? ఆ కాగితం పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడుద్దాం.